చింతలంక లాకు పెట్టె నంబరు

రోజు 14,211

ఇవాళ ఆఫీసుకి ఒక కంప్యూటరు బతికుండగానే వచ్చింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదటిసారి. ఇకముందు ఇలాంటిది రాకుండా ఉంటే నూకాలమ్మకి కొబ్బరికాయ కొడతాను.

తెచ్చినాయన పేరు భూలోకం. చింతలంక లాకు కాపరి. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా బురద. తోపుడుబండి మీద పడవ బ్యాటరీ, దాని పక్కన కంప్యూటరు, ఆ పక్కన టేపు రికార్డరు, అన్నిటి మీదా గోనెపట్టా. పట్టా కింద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

"ముందు దాన్ని ఆర్పండి. వెలుగుతున్న యంత్రం గడప దాటకూడదు," అన్నాను.

"ఆర్పితే పోద్దండి, ఆయ్."

"ఏం పోద్ది?"

"మా ఊరండి."

నాతో పరాచికాలా అనుకున్నాను. కాదు. ఆ కంప్యూటరు ముప్పై ఒక్కేళ్ళుగా ఆగలేదట. ఆటుపోట్లు లెక్కగట్టి లాకు గేటు ఎప్పుడు మూయాలో ఎప్పుడు తెరవాలో చూసుకునే ప్రోగ్రాము దాని బుర్రలో ఉంది. రాసిన మనిషి పోయాడు. టేపు మీది కాపీకి బూజు పట్టింది. కరెంటు తీస్తే ప్రోగ్రాము పోతుంది. అది పోతే పోటు నీళ్ళు లంకలోకి ఎక్కుతాయి. నలభై ఎకరాల నారుమళ్ళూ, తాగే చెరువూ ఉప్పు కషాయమైపోతాయి.

"ఊళ్ళో ఎంతమంది?"

"రెండొందల పన్నెండండి. మొన్న మా మనవరాలు పుట్టింది. పదమూడు."

నీటి గేట్లు నడిపే యంత్రాలన్నీ మళ్ళీ చదివించుకోవాలని కొత్త ఉత్తర్వు. ఉత్తర్వు తప్పని నేననను. ఆ గురువారం నాడు దేశంలో గేట్లన్నీ గాలిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఒకేసారి తెరుచుకున్నాయి కాబట్టే కదా, మనం ఇలా మిట్టల మీద రోజులు లెక్కపెట్టుకుంటూ బతుకుతున్నాం. 2000కి ముందు పుట్టిన పెట్టెకి గాలిమాట రాదు, ఉంచుకోవచ్చు. తర్వాత పుట్టిందైతే గానుగకి పోవాల్సిందే. నూనె గానుగ కాదు, యంత్రాల్ని నలిపేది. ఆకారం చూసి నమ్మడానికి లేదు. 2040ల్లో జనానికి పాతకాలం డబ్బాల మోజు పట్టి, పైకి తాతల నాటి పెట్టె, లోపల గాలిమాట పెట్టి తెగ అమ్మారు. విప్పి చూద్దామంటే కరెంటు తీయాలి. ఇక మిగిలింది అడుగున అంటించిన నంబరు. అది చదవడానికే నాకు జీతం.

కంపెనీ పేరు వేణి. గోదావరి గట్టున ఎక్కడో ఉండేదట, ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. నంబరు 0116111072.

ఏ కంపెనీ నంబరు ఎలా చదవాలో కేంద్రం వాళ్ళు అట్ట మీద అచ్చేసి ఇచ్చారు. వేణికి ఒకటే ముక్క: ముందు రెండంకెలు సంవత్సరం, మిగతావి లెక్కలోకి రావు. సున్నా ఒకటి. 2001. గానుగ.

ముద్ర చేతిలోకి తీసుకున్నాను కూడా. అలవాటు కొద్దీ టేపు రికార్డరు తిరగేశాను. 6024081055.

అరవై! ఏ అరవై? కంప్యూటరూ టేపూ ఒకే అట్టపెట్టెలో పెట్టి అమ్మినవి. 1960లో పుట్టిన టేపు 2001లో పుట్టబోయే కంప్యూటరు కోసం నలభై ఏళ్ళు కాచుక్కూచుందా? 2060 అందామంటే మరీ ఘోరం, పెళ్ళైన అరవై ఏళ్ళకి పెళ్ళికూతురు పుట్టినట్టు.

జతలో నంబర్లకి పొంతన కుదరకపోతే ఏడు రోజుల గడువివ్వాలని రూలు. ఇచ్చాను.

"ఏడో రోజు నాలుగింటికి గానుగ బండి వస్తుంది. ఈలోగా తేలకపోతే నేను చెయ్యగలిగిందేమీ లేదు," అన్నాను.

"తేల్చేస్తారండి. మీ మొహం చూస్తేనే తెలిసిపోతందండి, ఆయ్."

నా మొహం చూసి ఇన్నేళ్ళలో ఎవరూ ఆ మాట అనలేదు. ఒళ్ళు మండింది.

రోజు 14,212

ఈ చిట్టా నా సొంతం. ఆఫీసు రిజిస్టరులో తిట్లు రాయకూడదు కాబట్టి ఇది పెట్టుకున్నాను. ఇవాళ తిట్లు చాలా ఉన్నాయి.

మొదటిది ఆ అట్ట రాసిన మహానుభావుడికి. "మిగతావి లెక్కలోకి రావు" అట. పదంకెలు అచ్చేసి అంటించినవాడికి ఎనిమిదంకెలు లెక్కలోకి రావా? వాడికేమన్నా సిరా ఎక్కువైందా?

రెండోది మా పెద్ద తనిఖీదారు అవధాన్లు గారికి. నేను ముద్ర వేస్తాను, ఆయన సంతకం పెడతాడు. రెండూ ఉంటేనే చెల్లుతుంది. లోకమంతా ఆ గురువారం నుంచి రోజులు లెక్కపెడుతుంటే ఈయనొక్కడూ ఇంకా పంచాంగం పట్టుకుని వేలాడతాడు. పొద్దున్నే వచ్చి బీరువా మీది వినాయకుడి పటం ముందు ముక్కు పట్టుకుని పావుగంట గొణుగుతాడు. రాహుకాలంలో సంతకం పెట్టడు. వర్జ్యంలో అసలు కలమే పట్టడు. బయట జనం ఎండలో మాడుతుంటారు.

"సార్, ఈ అరవై ఏమిటో మీకేమన్నా తడుతోందా?" అని అడిగాను.

"అట్టలో ఏముంది?"

"ముందు రెండంకెలు సంవత్సరం అనుంది."

"మరింకేం? అట్ట ప్రకారం పో అమ్మా. కేంద్రం వాళ్ళకంటే మనకి తెలుసా?"

నిన్నటిదాకా నేనూ అదే మాట అనేదాన్ని. అట్ట ప్రకారం నడిచినదాన్ని కాబట్టే నా సొంత తమ్ముడు సూరిబాబు పెట్టెని కూడా గానుగలో పెట్టించాను. అదీ వేణియే. దాని మీద వాడు ఇరవై రెండు ఆటలు రాసుకున్నాడు. రేవులో పాక వేసుకుని, పిల్లలు వరసకట్టి ఆడుకుంటుంటే చూసి మురిసేవాడు. సున్నా నాలుగు, 2004, గానుగ అన్నాను. "అది మంచి రోజున పుట్టిన పెట్టక్కా, తాతయ్య చెప్పేవాడు" అని వాడు అంటుంటే, పెట్టెలకి మంచిరోజులేమిట్రా అని కసిరాను. నాలుగేళ్ళైంది వాడు నాతో మాట్లాడి. ఉప్పు మడుల్లో పనికి పోతున్నాడు. మంగతాయారు తమ్ముణ్ణి కూడా వదల్లేదని ఆఫీసులో మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

రోజు 14,213

భూలోకం వరండాలోనే కాపురం పెట్టాడు. రెండు బ్యాటరీలు. ఒకటి కంప్యూటరుకి, ఒకటి ఎండపలక కింద. మధ్యాహ్నం మారుస్తాడు. మార్చేటప్పుడు చంటిపిల్లని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చినట్టు ఊపిరి బిగబడతాడు, చూసేవాళ్ళకి ఊపిరాడదు.

లంక నుంచి పడవాయన కబురు తెచ్చాడు. పెట్టె లేదు కాబట్టి గేటు చేత్తో తిప్పుతున్నారు. చక్రం తిప్పడానికి ఎనిమిది మంది కావాలి. నిన్న సాయంత్రం పోటు ఎప్పుడెక్కుతుందో లెక్క తప్పారు. అరగంట ఆలస్యమైంది. పల్లపు వైపు రెండెకరాల నారు పోయింది.

"ఫర్లేదండి, ఇంకా ముప్పై ఎనిమిదున్నాయండి," అన్నాడు భూలోకం. నన్ను ఓదార్చడానికి అన్నాడు. నన్నెందుకు ఓదార్చడం? తిట్టొచ్చు కదా!

రిజిస్టర్లు తీశాను. నేను చదివిన వేణి పెట్టెలు పదకొండు. పదకొండూ గానుగకే పోయాయి. నంబర్లన్నీ ఒకదాని కింద ఒకటి రాశాను. రాసి చూస్తే ఒకటి కనబడింది. మూడో అంకె ఎక్కడా ఒకటో రెండో తప్ప లేదు. నాలుగోది ఆరు దాటలేదు. తర్వాతి రెండంకెలూ కలిపి చదివితే పన్నెండు దాటలేదు, కాబట్టి అది నెల అయ్యుండాలి. తర్వాతిది మళ్ళీ ఒకటో రెండో. తర్వాతి రెండూ పదిహేను దాటలేదు. చివరిది ఏడు దాటలేదు.

నెల ఉంది సరే, పదిహేను రోజుల నెల ఏమిటి నా మొహం? ఆ ఫ్యాక్టరీలో పదిహేను రోజులు పని చేసి పదిహేను రోజులు పడుకునేవారా? అవధాన్లు గారికి చూపిస్తే కళ్ళజోడు ఎత్తి చూసి, "యంత్రాల వరస నంబర్లై ఉంటాయి" అని పెట్టేశాడు.

రోజు 14,215

ఇవాళ మహా తెలివి ప్రదర్శించాను. రాసుకోవాలి, సిగ్గు లేకుండా.

మనవాళ్ళకి బండి నంబరు కూడితే తొమ్మిది రావాలి కదా. వేణి వాళ్ళూ మనవాళ్ళే కదా. సూరిబాబు పెట్టె నంబరు నాకు నోటికొచ్చు, 0411021036. కూడితే పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది! కుర్చీలోంచి లేచాను. "భూలోకం గారూ, దొరికిందండోయ్!" అని వరండాలోకి పరిగెత్తాను. ఆయన లేచి దణ్ణం పెట్టాడు పాపం. లోపలికొచ్చి లాకు పెట్టెది కూడితే ఇరవై. టేపుది ముప్పై ఒకటి. మిగిలినవి తలో రకం.

మళ్ళీ వరండాలోకి వెళ్ళి దొరకలేదని చెప్పాల్సొచ్చింది. "పర్లేదండి, ఆయ్," అన్నాడు. ఆ "ఆయ్" వింటే ఏడుపొస్తోంది నాకు.

మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. ఎండపలక మీద నీళ్ళు తప్ప ఎండ లేదు. ఇంకో రెండెకరాలు పోయాయట. చెరువు నీళ్ళలో ఉప్పు నాలుకకి తగుల్తోందని కబురు.

రోజు 14,216

వాన. రెండో బ్యాటరీ నిండలేదు. ఉన్నది ఎన్నాళ్ళొస్తుందంటే, రేపు మధ్యాహ్నం మూడు దాకా రావచ్చండి అన్నాడు భూలోకం. రేపే ఏడో రోజు.

పొద్దున్నే ఆ నంబరు ముందేసుకుని కూర్చున్నాను. పక్కన అవధాన్లు గారు గొణుగుడు మొదలుపెట్టాడు. ఈ మనిషి ఇవాళైనా నోరు మూసుకుంటే బాగుండునని పళ్ళు కొరుక్కుంటూ, ఒక్కో అంకె మీదా పెన్సిలు పెట్టి పోతున్నాను.

"శ్రీ విభవ నామ సంవత్సరే..."

సున్నా ఒకటి.

"దక్షిణాయనే..."

ఒకటి.

"వర్ష ఋతౌ..."

ఆరు.

"శ్రావణ మాసే..."

పదకొండు.

"శుక్ల పక్షే, ఏకాదశ్యాం, భౌమవాసరే..."

ఒకటి. సున్నా ఏడు. రెండు.

ఆయన మాట ఆగిన చోటే నా పెన్సిలూ ఆగింది. అంకెలు అయిపోయాయి.

అయనాలు రెండు. ఋతువులు ఆరు. నెలలు పన్నెండు. పక్షాలు రెండు. తిథులు పదిహేను. వారాలు ఏడు. ఓరి దేవుడా! ఇది నంబరు కాదు, సంకల్పం. పూజలో కూర్చున్నవాడు ఎప్పుడు, ఏ రోజున అని చెప్పుకున్నట్టే, ఆ ఫ్యాక్టరీవాడు ప్రతి పెట్టెకీ సంకల్పం చెప్పి అడుగున అంటించాడు. ఏడేళ్ళప్పటి నుంచీ మా ఇంట్లో ప్రతి వ్రతంలోనూ విన్నాను. అయినా ఆరు రోజులు పట్టింది నాకు, మట్టిబుర్రకి.

సంవత్సరాలు అరవై. అరవయ్యోది అక్షయ. అది దాటితే మళ్ళీ ఒకటి, ప్రభవ. టేపు అక్షయలో పుట్టింది, కంప్యూటరు ఆ పక్క ఏడు ప్రభవలో పుట్టింది. అరవై తర్వాత ఒకటి. పొంతన లేకపోవడమేమిటి, పక్కపక్కనే ఉంటేనూ!

అవధాన్లు గారి పెట్టెలోంచి రెండొందల ఏళ్ళ పంచాంగం లాక్కున్నాను, అడక్కుండానే. ప్రభవ, ఉత్తరాయణం, శిశిరం, మాఘం, శుద్ధ సప్తమి, సోమవారం. 1988 జనవరి ఇరవై ఐదు. సోమవారమే! టేపు అక్షయ, కార్తీక శుద్ధ పంచమి, గురువారం. 1986 నవంబరు ఆరు. గురువారమే! నవ్వొచ్చింది, గట్టిగా నవ్వాను. భూలోకం కిటికీలోంచి తొంగి చూశాడు.

మూడోది కూడా సరిపోతే ఇక తిరుగులేదనుకున్నాను. నోటికొచ్చిన నంబరు ఒకటే ఉంది. సున్నా నాలుగు, ప్రమోదూత. వైశాఖం. శుద్ధ తదియ. శుక్రవారం. 1990 ఏప్రిల్ ఇరవై ఏడు. శుక్రవారమే.

వైశాఖ శుద్ధ తదియ అంటే అక్షయ తదియ. మంచి రోజున పుట్టిన పెట్టక్కా అన్నాడు వాడు.

మిగిలిన పదీ సాయంత్రం దాకా చూశాను. ఒక్కటి కూడా 1993 దాటలేదు. పదకొండూ ఉంచుకోవాల్సినవే. పదకొండింటి మీదా నా ముద్ర ఉంది.

రోజు 14,217

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే అంతా అవధాన్లు గారి ముందు పెట్టాను. అట్ట, పంచాంగం, పదకొండు నంబర్లు. ఆయన ఒక్కో నంబరూ పంచాంగంలో వెతుక్కుంటూ మధ్యాహ్నం రెండింటి దాకా చూశాడు. మొహం వెలవెలబోయింది.

"అయితే ఈ పదకొండూ..."

"మనం నలిపించినవే."

"నువ్వు చదివినవి."

"మీరు సంతకం పెట్టినవి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మంగతాయారూ, ఈ ఒక్కటీ తప్పిస్తే ఆ పదకొండూ పైకొస్తాయి. నాకింకా ఎనిమిది నెలల నౌకరీ ఉంది. ఈ ఒక్కటీ అట్ట ప్రకారం పోతే ఎవరికీ..."

"రెండొందల పదమూడు మందికి," అన్నాను.

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని పంచాంగం ముందుకు లాక్కున్నాడు. ఒక దారి దొరికింది ఆయనకి. "ప్రభవ ఒక్కసారే వస్తుందా? 2047లో మళ్ళీ వచ్చింది. నువ్వే అన్నావు, 2040ల్లో పాత డబ్బాలు చేసి అమ్మారని. ఇది 2048 మాఘంలో పుట్టిన నకిలీ కాదని ఏమిటి?"

నిజమే. అరవై ఏళ్ళకోసారి అవే పేర్లు. ఇంత పట్టుకుని ఇది చూసుకోలేదేమని నన్ను నేను తిట్టుకుంటూ కాగితం వైపు చూశాను. అన్నీ చదివాను, చివరి అంకె ఒక్కటే ఊరికే ఉందనుకున్నాను.

"సార్, మీరే తిప్పండి. 2048, మాఘ శుద్ధ సప్తమి. ఏ వారం?"

పేజీలు తిప్పాడు. వేలు పెట్టి వెతికాడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"బుధవారం," అన్నాడు.

"దీని మీద రెండుంది. ఆదివారం ఒకటి, సోమవారం రెండు. మీరు రోజూ చెప్పే వరసే. ఒక్కసారి పైకి చదవండి సార్."

చదవనన్నాడు. చదవమన్నాను. ఆఖరికి కాగితం తీసుకుని మెల్లిగా మొదలుపెట్టాడు. "శ్రీ ప్రభవ నామ సంవత్సరే, ఉత్తరాయణే, శిశిర ఋతౌ, మాఘ మాసే, శుక్ల పక్షే, సప్తమ్యాం, ఇందువాసరే..." అలవాటైన నోరు కదా, అక్కడ ఆగలేదు. "శుభ నక్షత్రే, శుభ యోగే" అంటూ ఇంకో రెండు ముక్కలు పోయాక ఆగాడు. నలభై ఏళ్ళుగా రోజూ చెప్పేది తనకే తెలియలేదని ఆయనకి అప్పుడు తెలిసింది. ఆ మొహం చూస్తే జాలేసింది. పది నిమిషాలు మాత్రమే.

ఎందుకంటే టైము రెండున్నర. కలం తీశాడు, గోడ గడియారం వైపు చూశాడు, మూత పెట్టేశాడు.

"వర్జ్యం. మూడూ నలభై ఆరు దాకా. అది కాగానే పెడతాను. తప్పకుండా పెడతాను."

వరండాలోంచి భూలోకం అరిచాడు. "అమ్మగారండీ! దీపం ఎర్రగా అయిపోతందండి!"

నాకిక ఓపిక పోయింది. "సార్! సంతకం పెట్టకుండా పెట్టె ఆఫీసు ఆవరణ దాటకూడదు. ఆవరణ దాటితేనే రేవులో పడవ ఇంజను నుంచి కరెంటు ఎక్కించొచ్చు. మూడూ నలభై ఆరుకి మీరు సంతకం పెట్టేది శవం మీద!"

"వర్జ్యంలో చేసిన పని కలిసిరాదమ్మా. నా మాట..."

"ఆ పదకొండూ మంచి ముహూర్తం చూసి పెట్టినవేగా? ఏం కలిసొచ్చింది?"

భూలోకం గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఏడు రోజుల్లో మొదటిసారి గొంతు పెంచాడు. "బాబుగారండీ, పోటుకి వర్జ్యం తెలీదండి. మూడున్నరకి ఎక్కుద్దండి. ఆయ్."

అవధాన్లు గారు లేచాడు. వినాయకుడి పటం వైపు వీపు పెట్టి తిరిగాడు. కలం మూత తీసి సంతకం పెట్టాడు. రెండూ ముప్పై ఎనిమిది. కింద టైము కూడా తనే రాశాడు.

బండి ముగ్గురం తోశాం, ఆయన కూడా. వానలో, పంచె ఎగ్గట్టి. దీపం ఎర్రగా కొట్టుకుంటూనే ఉంది. పడవ ఇంజను తీగ తగిలించేటప్పుడు ఒక్కసారి రెపరెపలాడి, మళ్ళీ ఆకుపచ్చకి తిరిగింది. భూలోకం పెట్టెని కావలించుకుని భోరుమన్నాడు.

ముద్ర వేసిన కాగితం మడిచి ఆయన జేబులో పెట్టాను. నిలుపు అని ఉంది అందులో. ఆ ముద్ర మీద దుమ్ము తుడవాల్సొచ్చింది, ఎన్నాళ్ళైందో వాడి.

రోజు 14,220

పదకొండు పెట్టెల సంగతీ కేంద్రానికి రాసి పంపాం, ఇద్దరి సంతకాలతో. నిన్న జవాబొచ్చింది. విచారణ తేలేదాకా నా ముద్ర అప్పగించాలి. అప్పగించాను. అట్టలో వేణి దగ్గర ఇప్పటికీ అదే రాసుంది.

చింతలంక నుంచి కబురు. ఆఖరి రెండు రోజుల్లో ఇంకో రెండెకరాలు పోయినా, ముప్పై నాలుగు నిలిచాయి. చెరువు నీళ్ళు వానకి పల్చబడ్డాయి. పెట్టె నడుస్తోంది.

ఇవాళ ఉప్పు మడులకి వెళ్ళాను. అవధాన్లు గారు అడక్కుండానే పంచాంగం నా చేతిలో పెట్టాడు. "మిగిలిన వాళ్ళకీ చెప్పాలిగా, ఉండనీ," అన్నాడు.

సూరిబాబు గట్టు మీద ఉప్పు పోగేస్తున్నాడు. చేతులు పగిలిపోయున్నాయి. నన్ను చూసి పార ఆపలేదు.

"ఒరే సూరీ," అన్నాను. నాలుగేళ్ళ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక కాగితం తీసి చదివాను. ప్రమోదూత, ఉత్తరాయణం, వసంతం, వైశాఖం, శుద్ధ తదియ, శుక్రవారం. అంకెకి అంకె చెప్పాను. లాకు పెట్టె సంగతంతా చెప్పాను. "నీ పెట్టె 1990లోదిరా. మంచి రోజునే పుట్టింది. నువ్వు చెప్పావు, నేను వినలేదు. తప్పు నాది," అన్నాను.

పార ఆగింది.

"ఆ లాకు పెట్టె... ఆరిపోకుండానే వెళ్ళిందా?"

"ఆరిపోలేదురా."

తల ఊపాడు. పార గట్టుకి ఆనించాడు. నా చేతిలో పంచాంగం అప్పుడు కనబడింది వాడికి.

"పుట్టిన రోజు బానే చెప్పావక్కా," అన్నాడు. "పోయిన తిథి కూడా చూడు. తద్దినం పెట్టుకోవాలిగా."

ఎత్తిపొడుస్తున్నాడనుకున్నాను. మొహం చూస్తే అలా లేదు. చేతులు పంచెకి తుడుచుకుని గట్టు మీద కూర్చున్నాడు, పక్కన కాస్త చోటు వదిలి. కూర్చున్నాను.

గానుగ రోజు నంబరు నాకు బాగా గుర్తు, 12,748. ఇవాళ్టి నుంచి వెనక్కి లెక్కగట్టి పేజీ తీశాను. ఆషాఢ బహుళ పంచమి, గురువారం. వాడు ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాను.